రాయచూరు కోటవాకిళ్ళు

కృష్ణా తుంగభద్రల నడుమ సాగిన నేలను పాత గ్రంథాలు అంతర్వేది అన్నాయి, ఫారసీ చరిత్రకారులు దోఆబ్ అన్నారు. పేరు ఏదైనా, ఈ నేల కోసం జరిగినన్ని యుద్ధాలు దక్కనులో మరే సీమ కోసమూ జరగలేదు. ఆ నేలకు కీలకం రాయచూరు. మద్రాసు, బొంబాయి రైలుమార్గాలు 1871లో కలిసింది ఈ ఊళ్ళోనే. అంతకు ఆరువందల ఏళ్ళకు ముందునుంచీ సైన్యాలు కలుసుకున్నదీ ఇక్కడే. ఈ వ్యాసంలో మేము ఆ ఊరి కోటను గూర్చి, అందులోనూ ముఖ్యంగా దాని వాకిళ్ళను గూర్చి చెప్పదలచాము.

ఇందుకు కారణం ఉన్నది. బళ్ళారి, హోసూరు, బరంపురం, చంద్రపురం, యానాం నుంచి వచ్చిన మా విద్యార్థులను తెలుగు శాసనం ఎక్కడ చూడవచ్చునని అడిగితే, ఓరుగల్లు అంటారు, కడప జిల్లా అంటారు. తెలుగు చరిత్ర అంతా తెలుగు రాష్ట్రాల్లోనే ఉన్నదనీ, తాము దానికి దూరంగా పుట్టామనీ వారి నమ్మకం. ఆకారంలో మాకు తెలిసిన తెలుగు శాసనాలలోకెల్లా పెద్ద రాతి మీద చెక్కిన శాసనం కర్ణాటకలో, రాయచూరు కోట లోపలి గోడలో ఉన్నదంటే వారు నమ్మరు. రాయచూరు నుంచే వచ్చిన విద్యార్థులలో సైతం దానిని చూసినవారు తక్కువ. ఆ గోడ పక్కనుంచి రోజూ బడికి నడిచి వెళ్ళినవారు ఉన్నారు, తలెత్తి చూసినవారు లేరు.

మేము కొందరు విద్యార్థులను వెంటబెట్టుకొని కోటకు వెళ్ళినప్పుడు, వారిలో ఒకరు దారిలోనే ఒక ప్రశ్న వేశారు. "ఇంతకీ ఈ కోట ఎవరిది సార్? మనదా, కన్నడం వాళ్ళదా, నవాబులదా?" బదులు చెప్పడం తేలికే అనిపించింది. గోడ దగ్గరకు పోయి నిలబడితే తేలిక కాదని తెలిసింది. అందుచేత ముందు గోడను చూద్దాం.

కోటకు సంబంధించిన మాటలు మొదట కొన్ని సరిచూసుకోవాలి. కోట చుట్టూ తవ్వి నీరు నింపిన లోతైన కాలువ అగడ్త. దీనినే కందకం అనీ అంటాం. గోడ నుంచి ముందుకు పొడుచుకు వచ్చిన బలిసిన నిర్మాణం కొత్తళం; తరువాతి కాలంలో ఆ మాటను బురుజు అన్న అరబ్బీ మాట వెనక్కు నెట్టింది. గోడ మీద వరుసగా నిలిచే పళ్ళవంటివి కొమ్మలు. పెద్ద తలుపులున్న కోటవాకిలిని గవని అనేవారు. ఆ పెద్ద తలుపులు మూసి ఉన్నప్పుడు ఒక్కొక్క మనిషి వంగి దూరిపోయే చిన్న వాకిలి దిడ్డి. ఇవి నిఘంటువుల్లో మాత్రమే మిగిలాయని మేము అనుకునేవాళ్ళం. కాని మా విద్యార్థి ఒకామె, తమ అవ్వ ఇప్పటికీ ఊరి పాత ప్రవేశాన్ని గవని అనే పిలుస్తుందని చెప్పింది. పొరుగు రాష్ట్రాల తెలుగులో ఇటువంటి మాటలు బతికి ఉండడం వింత కాదు. అడిగేవారు లేక అవి బయటకు రావు.

రాయచూరు కోటకు రెండు ప్రాకారాలు. లోపలిది పాతది. బాగా చెక్కిన పెద్దపెద్ద రాతి దిమ్మలను సున్నం గాని మరే అతుకు గాని లేకుండా, ఒకదాని బరువు మీద మరొకటి నిలిచేట్టు పేర్చి కట్టినది. వెలుపలిది తరువాతిది, అంత నునుపుగా చెక్కని రాళ్ళను సున్నంతో కూర్చి కట్టినది. లోపలి గోడకు రెండు వాకిళ్ళు: పడమట సైలానీ దర్వాజా, తూర్పున సికందరీ దర్వాజా. వెలుపలి గోడకు అయిదు: పడమట మక్కా దర్వాజా, ఉత్తరాన నౌరంగీ దర్వాజా, తూర్పున కాటీ దర్వాజా, దక్షిణాన ఖందక్ దర్వాజా, నైరృతిలో దొడ్డి దర్వాజా. పేర్లను బట్టి చరిత్ర అల్లడం మనకు అలవాటు. కాటి అనగానే తెలుగు చెవికి శ్మశానం తోస్తుంది. దొడ్డి అన్న మాటలో మన దిడ్డి వినిపిస్తుంది. మొదటిదాన్ని మేము నమ్మము, రెండోదాని మీద మాకు కొంచెం ఆశ ఉన్నది. ఖందక్ విషయంలో మాత్రం చిక్కు లేదు. అది అగడ్త అన్న అర్థమిచ్చే మాటే, మన కందకానికి దగ్గరి చుట్టం.

ఇక శాసనం. లోపలి ప్రాకారంలో పడమటి వైపు గోడలో ఒక రాయి ఉన్నది. పొడవు 41 అడుగుల పైచిలుకు, వెడల్పు సుమారు 3 అడుగులు. ఇది గోడలో పొదిగిన పలక కాదు, గోడను మోస్తున్న రాళ్ళలో ఒకటి. దీని బరువు ఎంత ఉంటుందో విద్యార్థులచేత లెక్క కట్టించాము. ఘనపు మీటరు గట్టిరాయి 2.7 టన్నులు తూగుతుందనుకుంటే, ఈ రాతికి ఒక్కొక్క అడుగు మందానికి 9 టన్నులకు మించిన బరువు వస్తుంది. గోడలోకి ఎన్ని అడుగులు చొచ్చుకొని ఉన్నదో దాన్నిబట్టి ఆ సంఖ్యను హెచ్చవేసుకోవలసిందే. ఒక మనిషి గర్వంగా చెప్పుకోదగిన పనే ఇది. చెప్పుకున్నారు కూడా.

శాసనం తెలుగులో ఉన్నది. కాలం శకవర్షం 1216, జయ సంవత్సరం, అంటే క్రీ.శ. 1294. కాకతీయ ప్రతాపరుద్రుని ఏలుబడి అది. అందులోని విషయం క్లుప్తంగా ఇది: గోన విఠలుని కొడుకు మన్మ గన్నయరెడ్డి. ఆయన దండనాయకుడు విఠలనాథుడు ఆదవాని, తుంబుళ, మానువ, హాలువ దుర్గాలను సాధించి, రాచూరు ప్రవేశించి, ప్రజల రక్షణ కోసం బలిష్ఠమైన రాతికోట కట్టించాడు. ఆదవాని నేటి ఆదోని. మానువ నేటి రాయచూరు జిల్లాలోని మాన్వి. తుంబుళ పేరు ఆదోని దగ్గరి పెద్దతుంబళంలో నిలిచి ఉన్నది. పటం దగ్గర పెట్టుకొని చూస్తే, తుంగభద్రకు దక్షిణాన మొదలై నది దాటి ఉత్తరానికి సాగిన ఒక దండయాత్ర కళ్ళకు కడుతుంది. దేవగిరి యాదవుల చేతిలో ఉండిన సరిహద్దు నేలలోకి కాకతీయుల అధికారం అలా చొచ్చుకుపోయింది. చొచ్చుకుపోయిన చోట నిలవాలంటే కోట కావాలి.

పాత పుస్తకాలలో ఈ కోట కట్టినవాడు రుద్రమదేవి మంత్రి గోరె గంగయరెడ్డి అని కనిపిస్తుంది. నేటికీ పర్యాటకుల కోసం అచ్చువేసే కరపత్రాలు దానినే తిరగరాస్తుంటాయి. గోన అన్న వంశనామం గోరె అయింది, గన్నయ గంగయ అయ్యాడు. 1294 నాటికి రుద్రమదేవి లేదు. ఆమె 1289లోనే మరణించిందని చందుపట్ల శాసనంవల్ల తెలుస్తున్నది. కనుక ఈ కోటకు రుద్రమ పేరు పెట్టడం కుదరదు. పోతే, గోనవారు వర్ధమానపురం రాజధానిగా పాలమూరు ప్రాంతాన్ని ఏలిన సామంతులు. రంగనాథ రామాయణ కర్తగా ప్రసిద్ధుడైన గోన బుద్ధారెడ్డి ఆ వంశంవాడే. మా విద్యార్థుల్లో ఎక్కువమందికి గోన గన్నారెడ్డి పేరు అడివి బాపిరాజు నవలవల్ల కాదు, 2015లో వచ్చిన రుద్రమదేవి సినిమావల్ల తెలుసు. సినిమాను సినిమాగా, నవలను నవలగా, శాసనాన్ని శాసనంగా చదవాలని మాత్రం ఇక్కడ మనవి.

శాసనం పక్కన ఒక బొమ్మ చెక్కి ఉన్నది. మాకు అక్షరాలకన్నా ఈ బొమ్మ మీదనే మక్కువ ఎక్కువ. ఆ రాతిని గని నుంచి కోటకు ఎలా తెచ్చారో అందులో చూపారు. కట్టెచక్రాల బండి మీద రాయి, బండికి జతలు జతలుగా కట్టిన పశువుల పొడవాటి వరుస, వాటిని అదిలించేవారు, చక్రాలకింద దుంగలు పెట్టి ఎత్తి తోసేవారు. పశువులు దున్నపోతులని చూసినవారు చాలామంది రాశారు. మన దేశంలో కోటలు కట్టించిన రాజుల పేర్లు వేలకొలది శాసనాల్లో ఉన్నాయి. కోట ఎలా కట్టారో అదే రాతి మీద బొమ్మగీసి చూపిన సందర్భాలు ఎన్నో లేవు. రాయి పెద్దదని చెప్పుకోవాలనే గీయించి ఉంటారు, సందేహం లేదు. ఆ గొప్పలో భాగంగానే అయినా, బండి తోసిన మనుషులు దండనాయకుని పేరు పక్కనే చోటు సంపాదించుకున్నారు.

శాసనం చెక్కిన రెండేళ్ళకు, 1296లో, అలాఉద్దీన్ దేవగిరి మీద పడ్డాడు. 1323లో ఓరుగల్లు కూలింది. 1336లో విజయనగరం, 1347లో బహమనీ రాజ్యం పుట్టాయి. ఆ రెంటి నడుమ రాయచూరు ఎన్నిసార్లు చేతులు మారిందో వరుసగా చెప్పడం ఈ వ్యాసానికి అనవసరం. వెలుపలి ప్రాకారం బహమనీల కాలంలో, 15వ శతాబ్ది ఉత్తరార్ధంలో లేచింది అన్నది చాలు.

కోటవాకిలిని గూర్చి ఇక్కడ కొంత ఆగి చెప్పాలి. గోడ బలమంతా వాకిలి దగ్గర తేలిపోతుంది. రెండు గజాల మందం గోడకు మధ్య మనమే కావాలని ఒక కంత పెట్టి, దానికి కట్టె తలుపు బిగిస్తాం. శత్రువు కన్ను సహజంగా అక్కడే పడుతుంది. ఏనుగుచేత తలుపును పొడిపించవచ్చు, నిప్పు పెట్టవచ్చు, దూలంతో మోదవచ్చు. కనుక వాకిలి కట్టే స్థపతి మొదటి పని వాకిలిని తిన్నగా పెట్టకపోవడం. ఓరుగల్లు రాతికోటలో నాలుగు దిక్కుల వాకిళ్ళనూ చూడండి. వెలుపలి నుంచి వచ్చినవాడు లోపలికి సూటిగా నడవలేడు. ఒకసారి పక్కకు మళ్ళాలి, నాలుగు గోడల నడుమ ఇరుకు ముంగిలిలో నిలవాలి, మళ్ళీ ఇంకొక వైపు తిరగాలి. హంపిలో భీముని వాకిలిదీ అదే తీరు. దాని వల్ల జరిగేది ఇది: పరుగున వచ్చిన ఏనుగుకు తలుపు ఎదుట మలుపు ఉంటే పరుగు తీసే జాగా ఉండదు. పరుగు లేని ఏనుగు బరువైన జంతువు మాత్రమే. ఇక ముంగిలిలో చిక్కినవారి మీద నాలుగు గోడల పైనుంచీ రాళ్ళు, బాణాలు పడతాయి. డాలు ఒక వైపుకే అడ్డం.

రెండో పని, వాకిలికి ఇరువైపులా కొత్తళాలు నిలపడం. గోడ మీద నిలబడ్డ కావలివాడు తన కాళ్ళకింది నేలను చూడలేడు. చూడాలంటే కొమ్మల మీదుగా ఒళ్ళంతా బయటకు వంచాలి. గోడ మొదట్లో ఆనుకొని నిలిచిన శత్రువు అందుకే క్షేమంగా ఉంటాడు. కొత్తళం గోడనుంచి ముందుకు వచ్చి ఉంటుంది గనుక, దాని మీద నిలిచినవాడు పక్క గోడ మొదటిని వారగా చూడగలడు, కొట్టగలడు. ఒక కొత్తళానికీ మరొకదానికీ దూరం ఎంత తక్కువైతే అంత మేలు. ఈ చిన్న సూత్రం తెలిస్తే ఏ ఊరి కోటకు వెళ్ళినా చూడవలసింది ఏమిటో తెలుస్తుంది. చంద్రపురంలో ఉన్న మా విద్యార్థులు ఆ ఊరి జట్‌పురా వాకిలి కింద ఎన్నిమార్లు సైకిలు మీద పోయి ఉంటారో!

ఈ సూత్రం రాయచూరులోనే పరీక్షకు నిలిచింది, ఓడింది కూడా. అది 1520లో.

ఆ ముట్టడిని వివరంగా రాసినవాడు పోర్చుగీసు గుర్రాల వర్తకుడు ఫెర్నావో నూనిజ్. ఆయన రచన 1535 ప్రాంతానిది. రాబర్టు స్యూయల్ 1900లో ఇంగ్లీషు చేసి ప్రకటించాడు. నూనిజ్ చెప్పిన ప్రకారం రాయచూరు కోటకు సున్నం లేకుండా పెద్దరాళ్ళతో కట్టిన గోడలు మూడు వరసలు, వాటి లోపల మట్టి దట్టించి ఉన్నది. లోపల 8,000 మంది భటులు, 400 గుర్రాలు, 20 ఏనుగులు, రాళ్ళు విసిరే యంత్రాలు 30, పెద్ద ఫిరంగులు 200, చిన్నవి లెక్కకు మించి. బురుజులు ఎంత దగ్గర దగ్గరగా ఉన్నాయంటే ఒకదాని మీద మాట్లాడుకున్న మాట రెండోదాని మీదికి వినిపించేదట. నూనిజ్ సంఖ్యలను, ముఖ్యంగా సైన్యాల సంఖ్యలను, గుడ్డిగా నమ్మనక్కరలేదు. సున్నం లేదన్నది కూడా పాత గోడకు చెల్లే మాటేగాని వెలుపలి గోడకు చెల్లదు. కాని బురుజుల మీది మాటలను గూర్చిన ఆ చిన్న విషయం ఊహించి రాసేది కాదు. అక్కడ నిలబడ్డవారి నోట విన్నదై ఉండాలి.

కృష్ణదేవరాయలు తూర్పు వైపున విడిది చేశాడు. అంటే కాటీ దర్వాజా దిక్కున. ఫిరంగులున్న కోట మీదికి ఆయన ఫిరంగులతో వెళ్ళలేదు. మనుషులకు గునపాలు, గడ్డపారలు ఇచ్చి గోడ మొదటికి పంపాడు. వారు ఊడబెరికి తెచ్చిన ప్రతి రాయినీ సేనానులు కొన్నారు. రాతి పరిమాణాన్ని బట్టి 10, 20, 30, 40, 50 ఫణాలు ధర. ఇది చదివినప్పుడల్లా మాకు 1294 నాటి బండి బొమ్మ గుర్తుకొస్తుంది. ఒక తరం వారు కూలికి రాళ్ళు మోసుకొచ్చి పేర్చారు, రెండు శతాబ్దాలు గడిచాక మరొక తరం వారు కూలికి ఆ రాళ్ళను పీకారు. పీకినవారు ఎక్కువమంది చచ్చారు. పై నుంచి రాళ్ళు, బాణాలు, గుళ్ళు కురిసాయి. పెద్ద ఫిరంగులు మాత్రం గోడకింద చేరినవారిని ఏమీ చేయలేకపోయాయి. దూరాన ఉన్న గుడారాలను కొట్టడానికి పెట్టిన ఫిరంగిని తన కాళ్ళకిందికి గురిపెట్టడం అయ్యే పని కాదు. మేము పైన చెప్పిన కావలివాని కష్టమే ఫిరంగికీ వచ్చింది.

మూడు నెలలు ఇలా సాగింది. ఇస్మాయిల్ ఆదిల్‌షా కోటను విడిపించడానికి కృష్ణానది దాటి వచ్చాడు. 1520 మే నెలలో జరిగిన యుద్ధంలో ఘోరంగా ఓడి వెనక్కు పోయాడు. స్యూయల్ ఈ యుద్ధాన్ని మే 19న నిర్ణయించాడు. రాయలు మళ్ళీ కోట ముందుకు వచ్చాడు. ఆ సమయంలో క్రిస్తోవావో ద ఫిగెరీదు అనే పోర్చుగీసు దొర, ఇరవైమంది తుపాకుల వారితో వచ్చి కలిశాడు. గోడ మీదివారు ఒళ్ళు దాచుకోకుండా తిరుగుతున్నారని ఆయన కనిపెట్టాడు. తుపాకిగుండు అంత దూరం అంత సూటిగా వస్తుందని వారికి అనుభవం లేదు. కొందరు పడిపోగానే మిగిలినవారు కొమ్మల వెనక నుంచి తల బయట పెట్టడం మానేశారు. తల పెట్టకపోతే కిందికి రాయి వేయలేరు. గునపాలవారికి ఎదురు లేకపోయింది, గోడ కూలడం మొదలైంది. ఏం జరుగుతోందో చూద్దామని కోటనాయకుడు కొమ్మల సందునుంచి వంగి చూశాడు. నుదుట గుండు తగిలి పడిపోయాడు. మర్నాడు లోపలివారు వాకిలి తెరిచి శరణు వేడారు.

విద్యార్థులు గమనించవలసినది, ఇంత కథలోనూ ఎవరూ వాకిలి పగలగొట్టలేదు. స్థపతి పెట్టిన మలుపులు, ముంగిళ్ళు, కొత్తళాలు తమ పని తాము చేశాయి. కృష్ణరాయలు వాటి జోలికే పోలేదు. గోడనే విప్పించాడు.

ఈ విజయంలో ఒక చిక్కు దాగి ఉన్నదని చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్ వాదించాడు. ఫిరంగులున్నవాడు ఓడాడు, లేనివాడు గెలిచాడు. గెలిచినవాడు ఫిరంగి అంత అవసరం కాదనుకున్నాడు. ఓడినవాడు తన ఫిరంగి ఎందుకు పనిచేయలేదో ఆలోచించి, ఎక్కడ పెట్టాలో, ఎలా తిప్పాలో, అందుకు బురుజును ఎలా మార్చాలో నేర్చుకున్నాడు. రాక్షసి తంగడి యుద్ధం నాటికి, 1565లో, ఆ తేడా ఎటు దారితీసిందో మనకు తెలుసు. ఒక్క కారణంతో ఒక సామ్రాజ్యం పోయిందని చెప్పడం మాకు నచ్చదు. ఆ యుద్ధానికి రాజకీయ కారణాలు వేరే పుష్కలంగా ఉన్నాయి. అయినా బురుజుల మాట వచ్చినంతవరకు ఈటన్ వాదం కాదనలేనిది. రాయచూరులో, దానికి పడమరనున్న ముద్గల్లులో వెడల్పయిన, ఫిరంగికి తగిన బురుజులను చూస్తే వాటిని కట్టినవాడు ఎక్కడో ఒకచోట దెబ్బతిని నేర్చుకున్నాడని తెలుస్తుంది.

ఉత్తరపు నౌరంగీ దర్వాజా తీరు వేరు. తొమ్మిది రంగుల వాకిలి అని దానికి ఆ పేరు. ఒకప్పుడు శిల్పాల మీద రంగులు ఉండేవని చెబుతారు. వాకిలికీ వాకిలికీ నడుమ ఉన్న ముంగిలి గోడల్లో విజయనగర శైలిలో చెక్కిన శిల్పాల వరసలు ఉన్నాయి: మనుషులు, గుర్రాలు, ఆటగత్తెలు, నాగమూర్తి. మేము విద్యార్థులతో వెళ్ళినప్పుడు అందరూ ఎక్కువసేపు నిలిచింది ఇక్కడే. బహమనీలు కట్టిన ప్రాకారంలోని వాకిలికి విజయనగర శిల్పం ఎలా వచ్చింది? 1520 తరువాత రాయచూరు పదేళ్ళపాటు విజయనగరం చేతిలో ఉన్నది గదా. ఈటన్, ఫిలిప్ వాగనర్ 2014లో ప్రకటించిన దక్కను పుస్తకంలో ఈ వాకిలిని కృష్ణరాయల విజయంతో ముడిపెట్టి చదివారు. శత్రువు కట్టిన గోడను గెలిచినవాడు పడగొట్టడం కాక బాగుచేసుకోవడం, దాని మీద తన గుర్తు వేసుకోవడం మధ్యయుగాల దక్కనులో పరిపాటి. రాయలు 1529లో పోయాడు. ఆ వెంటనే ఇస్మాయిల్ ఆదిల్‌షా రాయచూరును, ముద్గల్లును తిరిగి పట్టుకున్నాడు. అతడూ ఆ శిల్పాలను పడగొట్టించలేదు. నేటికీ అవి అక్కడే ఉన్నాయి.

ఇది చూసిన తరువాత మా విద్యార్థి ప్రశ్నకు తిరిగి రావచ్చు. కోటలోని లోపలి గోడ కట్టినది తెలుగు దండనాయకుడు. అందులో అనుమానం లేదు, రాతి మీద రాసి ఉన్నది. వెలుపలి గోడ బహమనీ సుల్తానులది. దాన్ని ముట్టడించిన రాయలను తెలుగువారూ కన్నడిగులూ తమవాడే అంటారు. ఆయనకు అక్కరకు వచ్చిన తుపాకులు పోర్చుగీసువి. కొందరు మార్గదర్శకులు లోపలిది హిందువుల గోడ, వెలుపలిది ముసల్మానుల గోడ అని ఒక్కమాటలో తేల్చివేస్తారు. ఆ లెక్కన నౌరంగీ వాకిలిని ఏ ఖాతాలో వేయాలి? 1520లో గునపంతో రాళ్ళు పీకించినది హిందూ రాజే కదా, ఆ రాళ్ళు ఏ మతంవి? ఆ మాట అన్నవారిని మేము ఇలా అడిగాము గాని వారు నవ్వి ఊరుకున్నారు.

తెలుగువారిమైన మనం కూడా అదే తప్పు మరో రూపంలో చేస్తాం. శాసనం తెలుగులో ఉన్నది గనుక ఊరు మనదే అనడం తేలిక. శాసనం మాత్రం అలా అనదు. అది చెప్పేది గెలిచి ప్రవేశించిన సంగతి. అప్పటికే ఊరున్నది, ఊరికి పేరున్నది, ఆ ఊళ్ళో మనుషులున్నారు, వారి రక్షణకే కోట అని శాసనమే అంటున్నది. ఆ మనుషులు ఏ భాష మాట్లాడారో అడగవలసిన అవసరం విఠలనాథునికి కలగలేదు.

లిపి సంగతి ఇంకా బాగుంటుంది. మాతో వచ్చిన రాయచూరు విద్యార్థులు కన్నడ మాధ్యమంలో చదివినవారు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. తెలుగు అక్షరాలు కాలేజీకి వచ్చాక నేర్చుకున్నారు. శాసనం మనకేం అర్థమవుతుందని వెనక నిలబడ్డారు. తీరా చూస్తే గుంటూరునుంచి వచ్చిన వారికన్నా వారే ముందు అక్షరాలు పోల్చారు. 13వ శతాబ్దిలో తెలుగు కన్నడాలది దాదాపు ఒకే లిపి. నేటి తెలుగు తలకట్టు అప్పటికింకా టిక్కుగా తేలలేదు. రెండు వర్ణమాలలూ తెలిసినవారికి పాత అక్షరం ఇటు కాకపోతే అటు తగులుతుంది. ఇన్నాళ్ళూ తమకు లోపమనుకున్నది ఇక్కడ పనికివచ్చిందని గ్రహించి వారు ఎంత సంతోషపడ్డారో మేము కళ్ళారా చూశాము. మిగిలిన దారి పొడుగునా చదవడం వారి పని, వినడం మా పని అయింది.

ఆ తరువాతి చరిత్రను త్వరగా ముగిస్తాం. 1565 తరువాత రాయచూరు బిజాపురానికి స్థిరపడింది. 1686లో బిజాపురం ఔరంగజేబుకు చిక్కింది. పిమ్మట ఊరు నిజాముల చేతికి వచ్చింది. 1853లో అప్పుకింద దోఆబును నిజాము కుంపిణీకి వదిలాడు. 1860లో తిరిగి వచ్చింది. అప్పటికి కోట యుద్ధానికి పనికిరాని వస్తువు. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రం మూడు ముక్కలైనప్పుడు రాయచూరు జిల్లాలోని గద్వాల, ఆలంపురం తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. మిగిలినది మైసూరు రాష్ట్రంలో చేరింది. అన్నదమ్ములలో ఒకరు అటు, ఒకరు ఇటు అయిన కుటుంబాలు ఈ ప్రాంతంలో ఉన్నాయి. మా తరగతిలో వారి మనుమలు ఉన్నారు. గద్వాల, ఆలంపురాలు నేడు తెలంగాణలో ఉన్నాయి.

ఊరు పెరిగి గోడలను కమ్మేసింది. బురుజులకు ఆనుకొని ఇళ్ళు, దుకాణాలు వచ్చాయి. అగడ్త కొన్నిచోట్ల పూడింది, కొన్నిచోట్ల మురుగునీటికి దారి అయింది. కాటీ దర్వాజా నేటికీ బాటే. ఆటోలు దాని కిందుగా పోతుంటాయి. వాకిలిలోని మలుపుకు వాహనాలు చిక్కుకొని హారన్లు మోగుతుంటే, స్థపతి లెక్క ఏడు వందల ఏళ్ళ తరువాత కూడా తప్పలేదని మాలో ఒకరు అన్నారు. వెలుపలి వాకిలికి ఏడు వందలు కాదు, అయిదువందల పైచిలుకే అని వెంటనే సరిదిద్దవలసి వచ్చింది.

రాయచూరు పోయేవారికి రెండు మాటలు. శాసనం చూడడానికి నడిమధ్యాహ్నం వెళ్ళవద్దు. నిట్టనిలువు ఎండలో అక్షరాలు రాతిలో కలిసిపోతాయి. ఏటవాలు వెలుగు పడే వేళ చూసుకొని వెళితే గాట్ల అంచుల్లో నీడ నిలిచి, చదవడానికి వీలవుతుంది. చక్రాల బండి బొమ్మను వెదకడానికి కొంత ఓపిక కావాలి. రాయి ఈ చివరినుంచి ఆ చివరికి నడిచి చూడండి. అక్షరాలు కనపడలేదని సుద్దముక్కతో దిద్దడం, నూనె పూయడం వద్దు. మాకన్నా ముందు వెళ్ళినవారు కొందరు అలా దిద్దిపోయారు. ఆ గీతలవల్ల ఒక అక్షరాన్ని మేము అరగంట తప్పుగా చదివాము.